అంకారావు ఎంచిన ఇంజను

ఇంజన్ల గురించి అంకారావుకు తెలిసినవి రెండే సంగతులు. ఒకటి, అవి చప్పుడు చేస్తాయి. రెండు, అవి గడ్డి తినవు. అలాంటి మనిషిని పట్టుకుని, తన మిల్లుకు లారీ ఎంచిపెట్టమని అడిగాడు షావుకారు శ్రీరాములు. అడగడం ఒక తెలివితక్కువ పని. ఒప్పుకోవడం రెండోది.

డెబ్బై నాలుగో సంవత్సరం, మాఘమాసం. తిరువూరు ఊరి చివర శ్రీరాములు ఉప్పుడు బియ్యం మిల్లు కడుతున్నాడు. గోడలు లేచాయి. పొగగొట్టం లేచింది. లోపల కూర్చోవాల్సిన బాయిలరు మాత్రం బెజవాడ గూడ్సు షెడ్డులో చచ్చిన ఏనుగులా పడి ఉంది. పన్నెండు టన్నుల బరువు. దాన్ని మోసే పెద్ద ట్రైలరు బెజవాడలోనే అద్దెకు దొరికింది. కానీ ట్రైలరు తనంతట తాను కదలదు, ముందు లారీ ఉండి లాగాలి. మంచి లారీ ఒకటి కొనేస్తే ముందు బాయిలరు తెస్తుంది, తర్వాత జీవితాంతం మిల్లు ధాన్యం లాగుతుంది అని శ్రీరాములు ఎత్తు.

"లారీ సంగతి లారీవాళ్లని అడగండి షావుకారుగారూ, నాకెందుకీ గొడవ" అన్నాడు అంకారావు.

"అడిగానండీ. అమ్మకానికి రెండున్నాయి. ఎర్రలారీ డ్రైవరు ఎర్రది మంచిదన్నాడు. పచ్చలారీ డ్రైవరు పచ్చది మంచిదన్నాడు. మూడోవాణ్ణి అడిగితే ఆ రెండూ వద్దు, మా బావమరిదికో లారీ ఉంది కొనమన్నాడు. బరువు లాగే విషయంలో అబద్ధం చెప్పని మనిషి ఈ చుట్టుపక్కల మీరొక్కరే."

ఆ మాట నిజం. నెమలి ఊరి తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు పందేలకు పద్ధెనిమిదేళ్లుగా జడ్జీ అంకారావే. సొంత మేనల్లుడి జత ఓడిపోతే ఓడిపోయిందని మైకులో చెప్పిన మనిషి. ఆ ఏడు చెల్లెలు ఇంటికి రాలేదు, ఆయన తీర్పూ మారలేదు.

అయితే ఈసారి ఆ కుర్చీకే ఎసరొచ్చింది. పందేల కమిటీ ప్రెసిడెంటు ఆదిశేషయ్యకు కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు మీద మనసు పడింది. ఆ డాక్టరు దగ్గర స్టాపువాచీ ఉంది, ఇనప టేపు ఉంది, తెల్లప్యాంటు ఉంది. అంకారావు దగ్గర పద్ధెనిమిదేళ్లు ఉన్నాయి. కాలం స్టాపువాచీ వైపు మొగ్గుతోందని ఊరంతా అనుకుంటోంది.

శ్రీరాములు తమలపాకుకు సున్నం రాస్తూ ఆ సంగతే ఎత్తాడు. "తిరునాళ్లలో మొదటి బహుమతి ఇచ్చేది నేనేగదండీ. మీరు ఎంచిన లారీ నా బాయిలరుని తిరువూరు చేర్చిందనుకోండి, జడ్జీ కుర్చీ మీదే. ఆదిశేషయ్యగారితో నేను మాట్లాడతాను."

"చేర్చకపోతే?"

"చేర్చకపోతే నేనేం మాట్లాడనండీ" అని ఆకు నోట్లో పెట్టుకున్నాడు శ్రీరాములు.

అంకారావు ఇంటికొచ్చి భార్య పిచ్చమ్మకు సంగతి చెప్పాడు. ఆవిడ చేటలో కందిపప్పు చెరుగుతూ విన్నది.

"ఎద్దుకైతే తోకెత్తి చూస్తారు. లారీకి ఏం ఎత్తి చూస్తారు?" అంది.

"బానెట్టు" అన్నాడు అంకారావు. అంతవరకు కనుక్కునే వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే రెండు లారీలూ శౌరయ్య షెడ్డు ముందు నిలబడ్డాయి. బస్టాండు వెనక శౌరయ్య షెడ్డుకు రాని వాహనం తిరువూరులో లేదు. ఇరవై ఏళ్లుగా గ్రీజులో మునిగి తేలుతున్న మనిషి. మాట్లాడితే తక్కువ, నవ్వితే ఇంకా తక్కువ.

ఎర్రలారీ నాలుగేళ్ల వయసుది. కొమ్ములకు రంగేసిన కోడెలా ముందంతా కుచ్చులు, పూసలు. పచ్చలారీ మిలిటరీవాళ్లు వాడి వాడి వేలంలో అమ్మేసింది. కమ్మీలు తుప్పు పట్టాయి, ఒక తలుపు తాడుతో కట్టి ఉంది.

అంకారావు రెండింటి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. టైర్లను గిట్టలు తట్టినట్టు తట్టాడు. బానెట్టు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. చుట్టూ చేరిన జనం ఊపిరి బిగపట్టారు. కళ్లు మూసుకున్న మనిషికి ఏదో తెలుస్తోందని జనానికి ఎప్పుడూ ఒక నమ్మకం.

"చెప్పవోయ్ శౌరయ్యా, దీని సంగతేంటి?"

"ఎర్రదానికి ఆరు సిలిండర్లండి. నూట పాతిక గుర్రాల బలం. పచ్చదానికి నాలుగేనండి. ఎనభై గుర్రాలు."

"గుర్రాలు మనకెందుకు? ఎన్ని ఎద్దులో చెప్పు."

"ఎద్దుల్లో లెక్క కట్టలేదండి ఆ దొరలు."

"అదే వాళ్లు చేసిన తప్పు" అన్నాడు అంకారావు. జనం తలలూపారు.

ఎర్రలారీ స్టార్టు చేశారు. గర్జించింది. నిలబడ్డచోటే ఒళ్లంతా ఊగింది. పచ్చలారీ స్టార్టు చేశారు. ముసలి దున్న నెమరేసినట్టు గుడగుడలాడి కదలకుండా నిలబడింది. అంకారావు మొహం విప్పారింది.

"చూశావా? కట్టుకొయ్య దగ్గర వణికే ఎద్దు కాడి కింద నిలవదు."

"అది ఇంజను కింద బోల్టు వదులైందండి. స్పానరు తిప్పితే పోద్ది."

"మరి నువ్వేమంటావ్?"

శౌరయ్య చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "నన్నడిగితే ఎర్రదేనండి. ఎత్తు ఎక్కేప్పుడు దానికి ఊపిరెక్కువ. కానీ అంకారావుగారూ, ఇంజను చక్రాన్ని తిప్పుద్దంతే. లాగేది టైరు. టైరు నేలని కరవకపోతే ఎన్ని గుర్రాలుండీ లాభం లేదండి."

"లాగేది గుండెరా అబ్బాయ్" అన్నాడు అంకారావు జాలిగా. ఇరవై ఏళ్లు ఇనుముతో కాపురం చేసినవాడికి గుండె సంగతి ఏం తెలుస్తుందని ఆయన ఉద్దేశం.

చూపుతో తేల్చడం ఇష్టంలేక, అలవాటైన దారే పట్టాడు. లారీలకు బండలాగుడు పందెం పెట్టాడు.

ఈ వార్త సాయంత్రానికి పెనుగొలను దాటింది. మూడోరోజు కోసేసిన చేలో రెండు వేలమంది పోగయ్యారు. పందేలకు వాడే బండలు నాలుగు తెప్పించి, గొలుసులతో ఒకటిగా కట్టించాడు అంకారావు. రూలు ఎద్దులకున్నదే: పావుగంటలో ఎవరెక్కువ దూరం లాగితే వాళ్లు గెలిచినట్టు. ఆదిశేషయ్య కూడా వచ్చి, గొడుగు కింద మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వరసకు అంకారావుకు బావ. ఎగతాళికి హక్కున్న వరస.

"ఏం బావా, లారీలకి చిట్టూ తవుడూ పెట్టించావా?"

"నీ డాక్టర్ని పిలవకపోయావా బావా, సూది వేసేవాడు."

చీటీ తీస్తే ఎర్రలారీకి మొదటి వంతు వచ్చింది. గొలుసు బిగిసింది. ఇంజను గొంతు చించుకుంది. వెనక చక్రాలు గిరగిర తిరిగి, మట్టిని ఆకాశానికి చిమ్మి, తమ కింద తామే గోతులు తవ్వుకున్నాయి. పావుగంట అయ్యేసరికి బండ పదకొండు అడుగులు జరిగింది, లారీ అడుగున్నర దిగబడింది. దుమ్ములో ముందున్నవాడి వీపు కూడా కనిపించక జనం గోల పెట్టారు.

పచ్చలారీ వంతు వచ్చేసరికి జనం ఒక ఉపాయం చేశారు. దుమ్ములో నిలబడి ఏమీ కనిపించడంలేదని నలభైమంది లారీ వెనక తొట్టిలోకే ఎక్కేశారు. డ్రైవరు లబోదిబోమన్నాడు.

"దింపించండి బాబూ, ఈ బరువుతో ఎట్టా లాగుద్ది?"

అంకారావు ఒక్క క్షణం ఆలోచించాడు. "ఉండనీరా. నలభైమందిని మోస్తూ లాగితే అదీ లాగడమంటే. లాగలేకపోతే వాళ్లని దింపి మళ్లీ చూద్దాం." ఎర్రలారీ యజమానిని అడిగాడు. తన పోటీదారు నెత్తిన రెండున్నర టన్నుల జనం ఎక్కితే ఆయన ఎందుకు కాదంటాడు? సంతోషంగా ఒప్పుకున్నాడు.

దూరంగా శౌరయ్య బీడీ వెలిగించుకుని, ఆ నలభైమంది వంకా, వెనక టైర్ల వంకా చూశాడు. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. అతనూ ఏమీ అనలేదు.

పచ్చలారీ కదిలింది. తొందరపడలేదు. తవుడు తిన్న దున్నలా ఒక్కో అడుగూ వేసింది. పావుగంటకి మూడు వందల పది అడుగులు. తొట్టిలో నలభైమంది కేకలు, కింద రెండు వేలమంది ఈలలు. అంకారావు మైకు అందుకుని, ఎద్దుకైనా ఇంజనుకైనా అరుపు వేరు, సత్తువ వేరు అని తీర్పు చెప్పాడు. సాయంత్రమే శ్రీరాములు పచ్చలారీ కొన్నాడు.

వారం తర్వాత బాయిలరు బయల్దేరింది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి దాన్ని మిల్లులో దిమ్మె మీద కూర్చోబెట్టడానికి ముహూర్తం. లారీ ముందు సీట్లో అంకారావు, డ్రైవరు, శౌరయ్య. వెనక తొట్టిలో ముప్ఫైమంది కూలీలు, వాళ్ల మేస్త్రీ వెంకటప్పయ్య, దింపడానికి కావలసిన టేకు దిమ్మలు, జాకీలు, గొలుసులు, వంటకి రెండు గుండిగలు, ఒక బస్తా బియ్యం. దాని వెనక ట్రైలరు, ట్రైలరు మీద ఏనుగు. అందరికంటే వెనక అంబాసిడర్ కారులో శ్రీరాములు, ఆయన పక్కన ఆదిశేషయ్య. ఆదిశేషయ్యకు అక్కడ పనేమీ లేదు. బావ ఓడిపోతే దగ్గరుండి ఓదార్చాలని వచ్చాడు.

బెజవాడ దాటింది. మైలవరం దాటింది. ప్రతి ఊళ్లోనూ జనం ఎదురొచ్చారు. పచ్చలారీ ఎక్కడా నీరసించలేదు. అంకారావు కిటికీలోంచి చెయ్యి చాపి తలుపు మీద నిమురుతూ కూర్చున్నాడు. కుర్చీ దాదాపు చేతికొచ్చినట్టే ఉంది.

ఎ.కొండూరు ఇంకా నాలుగు మైళ్లుందనగా ఆ ఎత్తు వచ్చింది. రోడ్డు మరమ్మతుకని కంకర పరిచి, రోలరు తిప్పడం మర్చిపోయారు. రెండు ఫర్లాంగుల ఏటవాలు. అంకారావు డ్రైవరు భుజం తట్టి లారీ ఆపించాడు.

"వెంకటప్పయ్యా, అందర్నీ దించు."

ఇందులో ఎవరికీ అనుమానం రాలేదు. ఆ నేల మీద పుట్టినవాడెవడైనా అదే చేస్తాడు. బండి ఎత్తు ఎక్కుతుంటే ఎడ్లమీద జాలి ఉన్నవాడు దిగి నడుస్తాడు. పెళ్లికూతురైనా సరే దిగి నడవాల్సిందే. ముప్ఫైమందీ దూకారు. లారీ కదిలింది, నాలుగు గజాలు ఎక్కింది. వెనక చక్రాలు కంకరలో గిర్రున తిరిగాయి. ఆగింది.

"బరువెక్కువైంది. దిమ్మలు కూడా దించండి" అన్నాడు అంకారావు.

దించారు. ఈసారి రెండు గజాలే. జాకీలు దించారు. గొలుసులు దించారు. గజం. గుండిగలు, బియ్యం బస్తా దించారు. చక్రాలు ఉన్నచోటే తిరిగి కంకర రాళ్లను అంబాసిడర్ అద్దం మీదకు విసిరాయి. ఎంత తేలికైతే అంత మొరాయిస్తున్న ఆ జంతువుని చూసి అంకారావు నుదుట చెమట పట్టింది. ఇలాంటి ఎద్దుని ఆయన ఎరగడు.

ఆదిశేషయ్య కారు దిగి, కండువా దులుపుకుంటూ వచ్చాడు. "ఏం బావా, గుండె జారిందా దానికి?"

శ్రీరాములు చేతి గడియారం చూసుకున్నాడు. మూడు దాటింది. పొద్దుగూకేలోగా ఎత్తు ఎక్కకపోతే ముహూర్తం దాటిపోతుంది.

శౌరయ్య మైలురాయి మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"నువ్వేం చూస్తున్నావోయ్?" అన్నాడు అంకారావు విసుగ్గా. "ఇంకేం దించాలో చెప్పు."

"ఇంక డ్రైవరు ఉన్నాడండి. ఆయన్ని కూడా దించేస్తే సరి."

కూలీలు నవ్వారు. అంకారావు నవ్వలేదు. ఆ నవ్వు ఆగాక శౌరయ్య బీడీ పారేసి మెల్లగా అన్నాడు. "ఎద్దు వీపున బరువుంటే కుంగుద్దండి. లారీ వీపున బరువుంటే టైరు నేలని కరుస్తది. బెజవాడ నించి ఇందాకటి దాకా లాగింది కదండీ. అప్పుడేం ఉంది, ఇప్పుడేం లేదు?"

అంకారావు తొట్టి వంక చూశాడు. ఖాళీ. రోడ్డు పక్క చూశాడు. ముప్ఫైమంది, దిమ్మలు, జాకీలు, గుండిగలు. ఆయన కాళ్ల కింద నేల కొంచెం జరిగినట్టయింది. అది ఈ ఎత్తు వల్ల కాదు. కోసేసిన చేలో, దుమ్ములో, పచ్చలారీ మీద ఈలలు వేస్తూ నిలబడ్డ నలభైమంది గుర్తొచ్చారు. ఎర్రలారీ తొట్టి ఆ రోజు ఇలాగే ఖాళీగా ఉంది.

"శౌరయ్యా," అన్నాడు గొంతు తగ్గించి, "ఆ నలభైమంది ఎర్రలారీ ఎక్కి ఉంటే?"

"నాలుగొందల అడుగులు దాటేదండి."

"నీకు ఆ రోజే తెలుసా?"

"తెలుసండి."

"మరి చెప్పలేదేం?"

"గుండె లాగుద్దన్నారు కదండీ. టైరు మనిషిని, నేనేం చెప్తాను."

ఇక్కడ అంకారావుకు తేలిక దారి ఒకటుంది. నోరు మూసుకుని అందర్నీ మళ్లీ ఎక్కమంటే చాలు. లారీ ఎక్కుతుంది, బాయిలరు చేరుతుంది, కుర్చీ నిలుస్తుంది. పందెంలో జరిగింది శౌరయ్యకు తప్ప ఎవరికీ తెలియదు, శౌరయ్య అడిగితే తప్ప చెప్పడు. కానీ తీర్పు తప్పని తెలిశాక ఊరుకున్న జడ్జీ పద్ధెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ కుర్చీలో కూర్చోలేదు. ఆయన శ్రీరాములు దగ్గరికి నడిచాడు. పక్కనే ఆదిశేషయ్య ఉన్నాడు. ఉన్నా సరే అనుకున్నాడు.

"షావుకారుగారూ, ఆ రోజు పందెం చెల్లదు. పచ్చలారీ మీద నలభైమంది ఎక్కారు. దాన్ని గెలిపించింది వాళ్ల బరువు. ఇంజను కాదు. నేను చూసి కూడా ఉండనిచ్చాను. మీతో తప్పు లారీ కొనిపించాను. ఎర్రదైతే ఈ ఎత్తు ఇంకా తేలిగ్గా ఎక్కేది."

తర్వాత వెనక్కి తిరిగాడు. "వెంకటప్పయ్యా, దించిందంతా ఎక్కించు. మీరందరూ ఎక్కండి. వెనక చక్రాల మీదికి జరిగి నిలబడండి."

కూలీలు మొహాలు చూసుకున్నారు. ఎత్తులో బండి ఎక్కమన్న ఆసామిని వాళ్లు అంతవరకు చూడలేదు. అయినా ఎక్కారు. దిమ్మలు ఎక్కాయి. గుండిగలు ఎక్కాయి. చాలదేమోనని రోడ్డున పోయే చిల్లకల్లు మిరపకాయల వ్యాపారులు నలుగురిని కూడా బతిమాలి ఎక్కించారు. శౌరయ్య మొదటి గేరు వేయించాడు. పచ్చలారీ మూలిగింది, టైరు కంకరని కరిచింది. రేడియేటరు నీళ్లు కక్కుతుండగా, మనిషి నడకకంటే నెమ్మదిగా, ఏనుగుని వెంటబెట్టుకుని ఎత్తు ఎక్కేసింది.

ముహూర్తానికి బాయిలరు దిమ్మె మీద ఉంది.

అంకారావు ఇంటికెళ్లి పడుకున్నాడు. కుర్చీ పోయింది, నిజం మిగిలింది అనుకున్నాడు. ఆయన లెక్క సగమే కుదిరింది. ఆయన చెప్పిన నిజాన్ని ఎవరూ నమ్మలేదు.

"ఆయన పెద్దమనిషి కాబట్టి తప్పు తన మీదేసుకున్నాడు" అన్నాడు శ్రీరాములు కొట్లో నలుగురితో. "పందెం రోజునే కనిపెట్టాడండీ, జనాన్ని ఎక్కిస్తే లారీ లాగుతుందని. అందుకే డ్రైవరు దించమన్నా ఉండనిచ్చాడు. ఎత్తులో ముందు అందర్నీ దించి, వట్టి లారీ ఎక్కదని మనకి చూపించి, అప్పుడు ఎక్కించాడు. ఇంజనీరుకి కూడా రాదు ఆ ఆలోచన."

అంకారావు కొట్టుకెళ్లి, అది తన ఆలోచన కాదని చెప్పాడు. చెప్పేకొద్దీ కథ పెరిగింది. ఇది శౌరయ్య చెప్పాడన్నాడు. శౌరయ్యకు కూడా పేరొచ్చేలా మాట్లాడుతున్నాడని జనం ఇంకా మెచ్చుకున్నారు. శౌరయ్యను అడిగితే, "నా షెడ్డుకి బేరాలు పెరిగినయ్యండి, నన్ను కదపకండి" అన్నాడు. పదిరోజుల్లో మధిర నుంచి ఒకరు, సత్తుపల్లి నుంచి ఇద్దరు లారీలు ఎంచిపెట్టమని అంకారావు అరుగు మీద కూర్చున్నారు.

"ఇప్పుడేం ఎత్తి చూస్తున్నారు?" అడిగింది పిచ్చమ్మ మజ్జిగ గ్లాసులు కడుగుతూ.

"తల" అన్నాడు అంకారావు. "ఎత్తుకోలేక చస్తున్నాను."

ఫాల్గుణంలో, తిరునాళ్లకు వారం ముందు ఆదిశేషయ్య స్వయంగా వచ్చాడు. చేతిలో అచ్చేసిన కరపత్రం, మొహం నిండా గౌరవం. ఆ రెండోది చూసి అంకారావుకు భయమేసింది.

"షావుకారుగారు మాట నిలబెట్టుకున్నారు బావా. జడ్జీగా నువ్వే ఉండాలని పట్టుబట్టారు. కమిటీ అంతా ఒప్పుకుంది."

అంకారావు కళ్లజోడు పెట్టుకున్నాడు. కరపత్రం మీద తన పేరు పెద్దక్షరాల్లో ఉంది. దాని కింద చదివాడు. మళ్లీ చదివాడు.

"ట్రాక్టర్ల పందేలా? ఇదెప్పుడు పుట్టింది?"

"ఈ ఏడే. ఇరవై రెండు ట్రాక్టర్లు పేర్లిచ్చాయి. జిల్లాలో ఎక్కడా లేదు. నీవల్లే వచ్చింది ఈ ఆలోచన."

"ఎద్దులకి?"

"డాక్టరుగారు చూస్తారులే. ఎద్దులదేముంది బావా, టేపు పెడితే చాలు, ఎవరైనా చెప్తారు. ఇంజన్లకైతే తెలిసినవాడు కావాలిగా."

"నాకు ఇంజన్లు తెలియవు బావా. ఒట్టు."

ఆదిశేషయ్య ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. ఈసారి ఎగతాళి చేయలేదు. "చూశావా, ఈ వినయమే మాకు కావాల్సింది."

తిరునాళ్ల రోజున నెమలి మైదానాన్ని తడికెలతో రెండుగా కట్టారు. తూర్పున ఎద్దులు, పడమట ట్రాక్టర్లు. రెండూ ఒకే వేళకు మొదలు. పశువుల డాక్టరుకు ఎప్పటి చెక్కకుర్చీయే వేశారు. అంకారావుకు శ్రీరాములు మిల్లు ఆఫీసు నుంచి మెత్తల కుర్చీ తెప్పించారు, తలమీద పందిరి వేశారు, మెడలో దండ వేశారు. ఎదురుగా ఇరవై రెండు ట్రాక్టర్లు ఒక్కసారి స్టార్టయ్యాయి. ఆ పొగలో, ఆ మోతలో, వెనకనుంచి తడికెల మీదుగా జనం కేక ఒకటి వినిపించింది. ఆరుపళ్ల ఎడ్ల జత బరిలోకి దిగి ఉంటుంది. ఎవరి జతో, కుడివైపు ఎలపటెద్దు ఏ రంగుదో, కాడి ఎత్తగానే ముందుకు దూకిందో, తొట్రుపడిందో.

అంకారావు కమిటీ కుర్రవాణ్ణి పిలిచి చెవిలో అడిగాడు.

"బాబూ, ఈ కుర్చీ కొంచెం అటు తిప్పి వేస్తావా?"

"అటు వేస్తే ట్రాక్టర్లు కనిపించవండి" అన్నాడు వాడు.